కాటన్ దొర పడవ దారి

గోదావరి మండలములలో కాటన్ దొర పేరు తెలియని యిల్లు లేదు. పుష్కర సమయమున పితృదేవతలకు తర్పణములు విడుచుచు ఆయన పేరును గూడ తలచుకొనువారు కలరు. డెల్టా గ్రామములలో కూడలి కూడలికి ఆయన విగ్రహము కనబడును. పెక్కింట ఆయన గుఱ్ఱముపై కూర్చుండి యుండును. ఆ విగ్రహముల ముందు చెప్పుకొనునది ఆనకట్ట కథ, పంటచేల కథ. అది న్యాయమే. అయినను కాటన్ తన జీవితపు ఉత్తరార్ధమంతయు దేని కొఱకు వాదించి, పోరాడి, తుదకు ఓడిపోయెనో ఆ సంగతి ఆ విగ్రహముల కడ వినబడుట అరుదు. అది పడవ దారి. ఆయన దృష్టిలో కాలువ యనునది పొలమునకు నీరు తెచ్చు సాధనము మాత్రమే కాదు, అది బాట. బియ్యపు బస్తాలు, ఉప్పు, కలప, పెండ్లివారు, పరీక్షలకు పోవు విద్యార్థులు, అందఱును తొందరలేక, తక్కువ ఖర్చుతో పోదగిన బాట. ఒకే త్రవ్వకముతో నీరును బాటయు రెండును సిద్ధింపవలెననుట ఆయన సిద్ధాంతము.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్ కు ఆయన పదవ కుమారుడు. పదవవాడుగా పుట్టినవానికి తండ్రి ఆస్తిపై ఆశ యుండదు. ఆ కాలపు ఆంగ్ల కుటుంబములలో అట్టివారికి సైన్యమో, ఓడలో, ఇండియా దేశమో గతి. పదునైదవ యేట ఆర్థర్ ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కూంబు సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము సంపాదించెను. వేల్సు సీమలో కొంతకాలము భూమి కొలతల పని నేర్చి, 1821లో చెన్నపట్టణమున దిగెను. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు.

ఇచట మొదటి నుండియు ఆయన పని నీటితోనే. దక్షిణ జిల్లాల చెరువుల శాఖలో సహాయకుడుగా తిరిగెను. మన దేశమునకును సింహళమునకును నడుమ నున్న పాంబను జలసంధిని ఓడలకు అనువుగా చేయవచ్చునా యని కొలతలు తీసెను. 1824లో బర్మా యుద్ధము రాగా అచటికి పోయి వచ్చెను. 1828లో కావేరి నీటిపనుల బాధ్యత ఆయన చేతికి వచ్చినది. ఆయన గురుకులవాసము నిజముగా అక్కడనే జరిగినదని చెప్పవలెను.

కావేరి శ్రీరంగమునకు ఎగువ రెండు పాయలై పోవును. ఉత్తరపు పాయయైన కొల్లడము పల్లమైనది. ఏటేట నీరు దానిలోనికే పోవుటచే కావేరి ఇసుకతో పూడి, తంజావూరు సీమ పొలములు ఎండిపోవ నారంభించెను. కాటన్ 1836 నాటికి కొల్లడముపై ఎగువ నొకటి, దిగువ నొకటి ఆనకట్టలు నిర్మించి నీటిని మరల కావేరికి త్రిప్పెను. కాని ఆ పనికి మార్గము చూపినది ఇంగ్లండు గ్రంథములు కావు. చోళరాజుల కాలము నాటిదని ప్రసిద్ధి గన్న కల్లణై, అనగా మహా ఆనకట్ట, ఆయన కంటి యెదుట నుండెను. అడుగున రాతినేల లేని నదిలో, వదులు ఇసుకపైననే ఱాళ్లు పేర్చి, బరువుతో నదిని ఆపవచ్చునని ఆ పురాతన కట్టడము నేర్పినది. ఈ ఋణమును కాటన్ దాచుకొనలేదు. పేరు తెలియని ఆ పూర్వపు శిల్పుల నుండియే ఇసుకలో పునాది వేయుట నేర్చితినని వ్రాసికొనెను. విదేశీయ పాలకులలో అట్టి ఒప్పుదల సామాన్యము కాదు.

ఇంకొక విశేషము. మన దేశమున మొట్టమొదటి ఇనుప పట్టాల బాటను వేయించినవారిలో ముఖ్యుడు కాటనే. 1837 ప్రాంతమున చెన్నపట్టణము సమీపమందలి ఎఱ్ఱకొండల కడ నుండి రోడ్లకు కావలసిన ఱాతిని తెచ్చుటకై ఆయన ఆ చిన్న రైలుమార్గము నడపెను. బొంబాయి ఠాణాల మధ్య ప్రయాణీకుల రైలు నడచుటకు పదునాఱేండ్లు ముందటి మాట. కనుక ఆయన రైలును ఎఱుగక రైలును నిరసించినవాడు కాదు.

ఎండలకును జ్వరములకును ఆయన శరీరము తట్టుకొనలేదు. సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, అచట 1841లో టాస్మేనియా వాసియైన లెర్మంత్ కుటుంబపు కన్యక ఎలిజబెత్తును వివాహమాడెను. ఈ దంపతుల కుమార్తె లేడీ హోప్ తరువాతి కాలమున తండ్రి జీవితచరిత్రను వ్రాసెను. అది 1900లో వెలువడినది.

తిరిగి వచ్చిన పిమ్మట ఆయనకు ఉత్తర సర్కారులు కార్యరంగమైనవి. ఆనాటి గోదావరి మండలము ఈనాటి వారికి ఊహకు కూడ అందదు. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832–33 నాటిది, సర్కారులను పీల్చివేసెను. 1839లో కోరంగి తీరమున పెనుతుఫాను, ఉప్పెన. జనులు చచ్చియు, వలసపోయియు మండలపు జనసంఖ్య తగ్గిపోయెను. కంపెనీకి రావలసిన శిస్తు కూడ పడిపోయెను. దొరతనమువారు కన్నెత్తి చూచుటకు ఈ రెండవ కారణమే ఎక్కువ పనిచేసినదని ఒప్పుకొనక తప్పదు. 1844లో సర్ హెన్రీ మంట్‌గోమరీ మండలమంతయు పరిశీలించి, నది యింత దగ్గఱ నుండగా కరువు రానేల యని ప్రశ్నించు నివేదికను పంపెను. ఆ నదిని కట్టుటకు తగిన మనిషి కాటన్ అని సూచించినది కూడ ఆయనయే.

కాటన్ గోదావరిని ఎగువ దిగువల పరిశీలించి చూచినదేమనగా, డెల్టా భూమి నదికంటె పల్లము. రాజమహేంద్రవరము దాటిన పిమ్మట గోదావరి తాను మోసుకొని వచ్చిన ఒండ్రుతో తన గట్లను తానే ఎత్తుచేసికొని, ఒక గట్టుమీద నడచుచున్నట్లు సముద్రమునకు పోవును. కాబట్టి ధవళేశ్వరము కడ నీటిని కొంచెము నిలిపి, రెండు ప్రక్కలను నడుమను కాలువలు తీసినచో, నీరు తనంతట తానే పొలములలోనికి దిగును. ఆయన నివేదికలను చూచి లండనులోని డైరెక్టర్లు 1846లో అనుమతి నిచ్చిరి. 1847లో పని మొదలైనది.

కట్టవలసిన చోట నది వెడల్పు లంకలతో కలిసి నాలుగు మైళ్లకు దగ్గఱ. ఆ లంకలను ఆధారముగా తీసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట నిర్మింపబడెను. ధవళేశ్వరము కొండనుండి ఱాయి తీసి, పట్టాలమీద బండ్లలో ఒడ్డునకు తెచ్చి, పడవలలో నది నడుమకు చేర్చెడివారు. వేలాది కూలీలు. వారిని కూర్చుటయందును, పని నడపుటయందును కాటన్‌కు కుడిభుజముగా నిలిచినవాడు వీణెం వీరన్న యను తెలుగువాడు; ఆయన సేవకు రాయబహదూరు బిరుదము లభించెను. 1848లో కాటన్ ఆరోగ్యము మరల చెడి సెలవుపై పోగా, కెప్టెన్ ఆర్ పని నడపెను. 1850లో కాటన్ తిరిగి వచ్చెను. అంచనాలు మించెను. అధికముగా సొమ్ము కావలెనని, ఇంజనీర్లు చాలరని, అనుమతులు ఆలస్యమగుచున్నవని చెన్నపట్టణమునకు ఆయన వ్రాసిన లేఖలకు లెక్కలేదు. ఆ లేఖలలోని చిరాకు, ఏ కార్యాలయమున పనిచేసిన వారికైనను సుపరిచితముగానే తోచును. 1852లో ఆనకట్ట పూర్తియైనది. మరుసటి మూడేండ్లలో ఆర్ చేతిమీదుగా బెజవాడ కడ కృష్ణకును ఆనకట్ట సిద్ధమయ్యెను.

సాధారణముగా కాటన్ కథను ఇచటనే ముగింతురు. ఆయన మనస్సులోనున్న కథ ఇచట మొదలగును.

కాలువలు త్రవ్వునప్పుడే కాటన్ వాటిని పడవలకు పనికి వచ్చునట్లు త్రవ్వించెను. నీరు వేగముగా పాఱినచో ఎదురు పోవు పడవ కదలదు, గట్లు కోసికొనిపోవును. అందుచేత కాలువ వాలును మిక్కిలి తక్కువగా నుంచి, భూమి పల్లమగుచోట్ల ఆ దిగుడునంతయు ఒక్కచోట చేర్చి, అచట లాకు కట్టించిరి. లాకు అనగా రెండు జతల తలుపులు గల ఱాతి తొట్టి. పడవ లోనికి వచ్చిన పిమ్మట వెనుక తలుపులు మూసి, ముందు తలుపుల తూములు తెఱచినచో, లోనినీరు మెల్లగా పైనీటి మట్టమునకు లేచును. పడవయు దానితోపాటు లేచును. తరువాత ముందు తలుపులు తెఱచుకొనును. దిగవలసివచ్చిన ఇదే వరుస తలక్రిందులు. ఇంతకంటె యంత్రమేమియు లేదు. మీటలను పట్టి త్రిప్పుటకు ఇద్దఱు మనుష్యులు చాలుదురు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములకు కాకినాడ నుండి చెన్నపట్టణము వఱకు ఎడతెగని పడవ దారి ఏర్పడెను. కాకినాడ నుండి గోదావరికి సుమారు 50 కిలోమీటర్లు, గోదావరి నుండి బెజవాడకు ఏలూరు కాలువ మీద 139, బెజవాడ నుండి పెదగంజామునకు కొమ్మమూరు కాలువ మీద 113, అచట నుండి చెన్నపట్టణమునకు బకింగుహాము కాలువ మీద 316. మొత్తము 618 కిలోమీటర్లు. దీనిలో కొంతభాగము కాటన్ కట్టినది, కొంత ఆయన సహచరులు కట్టినది, కొంత ఆయనతో సంబంధము లేనిది. అయినను ఆ దారి వెంట ఒకసారి పోయి చూచినగాని ఆయన ఏమి కోరెనో తెలియదు.

రహదారి పడవ కాకినాడ రేవులో బయలుదేరును. గాలి అనుకూలించిన తెరచాప, లేనిచో గడ, ఎదురు నీరైనచో గట్టుమీద మనుష్యులు వంగి నడచుచు తాడు పట్టి లాగుట. ఎవరికిని తొందర లేదు. వంట పడవలోనే, నిద్ర పడవలోనే. తొలి మజిలీ సామర్లకోట. చాళుక్య భీముడు కట్టించిన కుమారారామ భీమేశ్వరుని సేవించి రాదలచినవారు దిగి వచ్చుటకు వ్యవధి యుండెడిది. లాకు కడ ముందున్న పడవలు దాటువఱకు వేచియుండుట తప్పదు. ఆ వేచియుండుటలోనే ఊరికొక అంగడి, చలివేంద్రము, సత్రము వెలసినవి. పైకి పోవుకొలది కడియము. ఈ రోజులలో పూలమొక్కల తోటలకు దేశమంతట పేరు గన్న కడియపులంక ఆ ప్రాంతముననే యున్నది. కాలువ నీరే ఆ తోటలకు ప్రాణము.

ధవళేశ్వరము కడ పడవ లాకులలో ఎక్కి అకస్మాత్తుగా గోదావరిలో నిలుచును. ఆనకట్ట కట్టుటచే ఎగువనున్న నీరు సరస్సువలె నిలుకడగా నుండును. అందుచేత పడవ ఆనకట్టకు ఎగువగా నదిని అడ్డముగా దాటి, ఆవలి యొడ్డున విజ్జేశ్వరము లాకులో ప్రవేశింపగలదు. ఆనకట్ట నీటిని పంచుటకే గాక, రెండు ఒడ్డుల కాలువలను కలుపు వంతెనగా కూడ పనిచేసినదన్నమాట. నది పొంగి పొరలు దినములలో మాత్రము ఈ దాటు ప్రమాదకరము. వరద తగ్గువఱకు ఒడ్డున నిలువవలసినదే.

ప్రధానమార్గమును వదలి నడిమి డెల్టాలోనికి తిరిగిన వారికి ఇంకొక వింత కానవచ్చును. బొబ్బర్లంక నుండి బయలుదేరు కాలువ, పూతరేకులకు పేరుపడిన ఆత్రేయపురము ప్రక్కగా పోయి, లొల్ల లాకుల కడ పాయలుగా చీలును. వానిలో నొకటి గన్నవరము కడ వైనతేయ గోదావరిని ఎదుర్కొనును. నదికి ఆవల నగరము దీవి యున్నది. దానికి నీరు కావలెను. కాటన్ సహచరుడైన హెయిగ్ అను యువకుడు నదిపై 40 అడుగుల వెడల్పు గల 49 కమానులు కట్టి, వానిమీదుగా కాలువను దాటించెను. క్రింద నది, పైన కాలువ. 1850ల ఆరంభమున కట్టిన ఆ కట్టడము నూటయేబది సంవత్సరములకు చేరువగా నీరు మోసినది. దాని ప్రక్కన 2000 సంవత్సరమున కట్టిన క్రొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. ఆకలిగొన్నవారికి వేళ యనక అన్నము పెట్టి ఆ గన్నవరము సీమలోనే పేరుపొందిన ఇల్లాలు ఆమె. ఆ కట్టడమునకు అంతకంటె తగిన పేరు దొరకదు.

విజ్జేశ్వరము నుండి పడవ ఏలూరు కాలువలో నీటితోపాటు దిగును. నిడదవోలు, తాడేపల్లిగూడెము. రెండువైపుల వరిచేలు, కొంతసేపు చూచినంత చూపు ఒకే ఆకుపచ్చ. ఆ మార్పులేని దృశ్యము ప్రయాణీకునకు విసుగు కలిగింపవచ్చును. 1833 నాటి సంగతులు విన్నవానికి కలిగింపదు. ఏలూరు కడ విచిత్రమైన సంగమము. గోదావరి నుండి వచ్చిన కాలువ, కృష్ణ నుండి వచ్చిన కాలువ ఇచట కలియును. రెండు మహానదులు సముద్రములో కూడ కలియనివి, తివాచీల నేతకు ప్రసిద్ధిగాంచిన ఈ పట్టణము నడుమ కలిసినవి. ఏలూరు దాటిన పిమ్మట పడవకు మరల ఎదురు నీరు, మరల తాడు. ఒక నది నీటితో దిగివచ్చిన పడవ రెండవ నది నీటికి ఎదురెక్కి బెజవాడ చేరును.

ఇంద్రకీలాద్రి క్రింద రేవులో పడవ నిలిచినప్పుడు కనకదుర్గను దర్శింపక పోవువారుండరు. రెండు కొండల నడుమ కట్టిన ఆ పాత ఆనకట్ట 1952లో కొట్టుకొనిపోగా, 1957లో ప్రకాశం బ్యారేజి దాని స్థానమును పొందినది. ఆనాటి పడవ ఆనకట్ట ఎగువగా కృష్ణను దాటి, సీతానగరము వైపు లాకులో దిగి, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో పోవును. దుగ్గిరాల పసుపు ఈ నాటికిని పేరుపొందినది. బస్తాల వాసన పడవనంతను పట్టియుండెడిదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పెదగంజాము చేరుసరికి పచ్చదనము పోయి ఉప్పుకొటార్లు మొదలగును. అచట నుండి బకింగుహాము కాలువ. దాని మొదటి భాగమును 1806లో కాక్రేన్ అను వర్తకుడు చెన్నపట్టణము నుండి ఎన్నూరుకు త్రవ్వించెను. 1876–78 నాటి మహాకరువులో ఆకలిగొన్న వేలాది కూలీలు దానిలో ఎంతయో భాగమును త్రవ్విరి. అప్పటి గవర్నరగు బకింగుహాము ప్రభువు పేరు దానికి పెట్టిరి. సముద్రమునకు సమాంతరముగా, పోటుపాటుల ఉప్పునీటిలో, కృష్ణపట్నము దాటి, పులికాటు సరస్సు మీదుగా, శ్రీహరికోట వంటచెఱకు పడవల సరసన, ప్రయాణము చెన్నపట్టణపు బేసిన్ బ్రిడ్జి కడ ముగియును. ఆ శ్రీహరికోట నుండియే నేడు అంతరిక్ష నౌకలు పోవుచున్నవి.

ఇట్టి దారులు దేశమంతట వ్యాపింపవలెననుట కాటన్ కోరిక. 1854లో ఇండియా దేశపు ప్రజాపనులపై ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. అప్పటికే బొంబాయి ఠాణాల రైలు నడచుచుండెను. రైలు కంపెనీలకు దొరతనమువారు నూటికి అయిదు చొప్పున లాభమునకు హామీ ఇచ్చిరి. నష్టము వచ్చినచో ఆ సొమ్ము ఇచటి ప్రజల శిస్తు నుండియే పోవలెను. కాటన్ దీనిని తీవ్రముగా ఖండించెను. ధాన్యము, ప్రత్తి, ఉప్పు త్వరగా పోవలసిన అవసరమేమి? చౌకగా పోయిన చాలును. బీదదేశమునకు కావలసినది వేగము కాదు, అందుబాటు. పైగా కాలువ కరువును ఆపును, రైలు కరువు వచ్చిన పిమ్మట గింజలు మోయును. ఇది ఆయన వాదసారము.

1860లో ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరిన ఆయనకు 1861లో సర్ బిరుదము, 1866లో కె.సి.ఎస్.ఐ. వచ్చెను. గౌరవములు వచ్చుచునే యుండెను. పథకములు పోవుచునే యుండెను. గోదావరిని వార్ధా వఱకు పడవలకు అనువుగా చేసి, మధ్యపరగణాల ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని ఆయన తలపెట్టెను. హెయిగ్ ఆ పనిలో సంవత్సరములు గడపెను. భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెము కడ ఆనకట్ట, లాకు కట్టిరి. అడవిజ్వరములు, ఱాతి ప్రవాహములు, పెరిగిన ఖర్చు. 1871లో పథకమును విడిచిపెట్టిరి. సుంకేసుల కడ తుంగభద్ర నుండి బయలుదేరిన కర్నూలు కడప కాలువను ఒక కంపెనీ 1863లో ఆరంభించెను. అదియు పడవలకు కూడ పనికివచ్చునట్లే త్రవ్వబడినది. కాని నీటిశిస్తు చెల్లించి నీరు తీసికొనుటకు అచటి మెట్టరైతులు ముందుకు రాలేదు. పెట్టుబడి చిక్కుకొనిపోయి 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. ఈ రెండు ఉదాహరణములును ప్రత్యర్థుల చేతిలో మంచి ఆయుధములైనవి.

1876–78 నాటి కరువు దక్షిణదేశమును దహించెను. గోదావరి కృష్ణా డెల్టాలు మాత్రము తాము నిలిచి, ఇతరులకు గింజలు పంపినవి. డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు మరల కలము పట్టెను. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆయన పక్షమున నిలిచి, నీటిపారుదల కొఱకు లేఖలు వ్రాసి, పత్రికలలో వాదించెను. 1878లో కామన్స్ సభ నియమించిన కమిటీ ఎదుట కాటన్ సాక్ష్యమిచ్చెను. కరాచీ నుండి కాన్పూరు మీదుగా కలకత్తాకు, అచట నుండి తూర్పుతీరము వెంట దక్షిణమునకు, మరల పడమటి తీరమునకు నదులను కాలువలతో కలుపు మహాపథకమును వారి ముందుంచెను. దానికి మూడు కోట్ల పౌనులు చాలునని ఆయన అంచనా. సభ్యులు ఆ లెక్కలను నమ్మలేదు. కమిటీ నిర్ణయము ఆయనకు వ్యతిరేకముగా వచ్చెను. 1880 నాటి కరువు కమిషను కూడ రైళ్లను విస్తరింపుమనియే సలహా యిచ్చెను.

ఆయన లెక్కలలో తప్పు లేదా? ఉండెను. డెల్టాలో సాధ్యమైనది కొండలలోను మెట్టలలోను సాధ్యమగునని ఆయన సులభముగా నమ్మెను. నీరే లేని చోట పడవ యెట్లు నడచును? కరువు తఱచుగ వచ్చు దక్కను పీఠభూమిలో వేసవిలో నదులే ఎండిపోవును. రైలు అచటికి పోగలదు, పడవ పోలేదు. డెల్టాలో సైతము సేద్యమునకును పడవకును పొత్తు కుదురుట కష్టము. మరమ్మతులకై ప్రతి వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అప్పుడు దారియు కట్టివేయబడును. ఏటి పొడుగున నిలుచు దారి కావలెనన్న వర్తకునకు ఇది నచ్చదు. ఇంతయైనను, బియ్యము వంటి బరువైన సరకును చౌకగా మోయు విషయమున ఆయన మాట తప్పు కాదని తూర్పుగోదావరి, కృష్ణా పడవలు అనేక దశాబ్దములు నిరూపించినవి. రైలుకు ఇచ్చిన హామీ పడవకు ఇచ్చియుండిన ఫలితమెట్లుండెడిదో తేల్చుటకు అవకాశమే కలుగలేదు.

డోర్కింగు పట్టణమున ఆయన వార్ధక్యము గడచెను. తొంబదియేండ్ల వయస్సు సమీపించిన పిమ్మట కూడ ఇంటితోటలో లోతుగా నేల త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. పంట యెక్కువ రావలెను, పేదవాడు తినవలెను, ఆలోచన అదియే. 1899 జూలై 24వ తేదీన, తొంబదియాఱవ యేడు దాటి, ఆయన కన్నుమూసెను. చెన్నపట్టణము నుండి బెజవాడకు రైలు కలిసినది ఆ సంవత్సరమే. మరుసటి యేడు, 1900లో, రాజమహేంద్రవరము కడ గోదావరిపై రైలువంతెన తెఱవబడెను. దానితో కాకినాడ పడవలో చెన్నపట్టణమునకు పోవలసిన పని ఎవరికిని లేకపోయెను.

పడవలు ఒక్కనాటితో మాయము కాలేదు. దూరప్రయాణీకులు రైలెక్కిరి, ధాన్యము, కలప, ఇటుక, ఎండుగడ్డి మోయు పడవలు ఇంకను అర్ధశతాబ్దమునకు పైగా కాలువలలో తిరిగినవి. తరువాత లారీలు వచ్చెను. 1960లలోను 1970లలోను వచ్చిన తుఫానులతో బకింగుహాము కాలువ అనేక చోట్ల పూడిపోయెను. ధవళేశ్వరపు పాత ఆనకట్ట స్థానమున క్రొత్త బ్యారేజి నిర్మించి, 1982లో దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టిరి. ఆ ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరములు. ధవళేశ్వరమున ఆయన పేర నొక ప్రదర్శనశాలయు నున్నది. లొల్ల లాకుల తలుపులు చూచుటకు విహారయాత్రికులు పోవుదురు; చలనచిత్రముల వారును పోవుదురు.

2008లో కేంద్రప్రభుత్వము కాకినాడ నుండి పుదుచ్చేరి వఱకు గల కాలువలను, గోదావరి కృష్ణలలోని కొంతభాగమును కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించెను. ఆ ప్రకటనలో వరుసగా కానవచ్చు పేర్లు కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువ.